గాలి, డీజిల్, ఆయిలు, నీళ్లు: మొదటి పాత డీజిల్ పికప్ కొన్నవారితో

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవారిలో కొందరు ఇప్పటికే పాత డీజిల్ పికప్ కొన్నారు, కొందరు కొనబోతున్నారు. ఎవరికైనా నేను చెప్పదలచుకున్నది ఒకటే. డీజిల్ ఇంజను కేవలం వయసు మీద పడి పాడవడం అరుదు. దానిలోకి వెళ్లేవి నాలుగు: గాలి, డీజిల్, ఆయిలు, నీళ్లు. వీటిలో ఏదో ఒకటి మురికిపట్టినప్పుడో, తగ్గిపోయినప్పుడో అది పాడవుతుంది. ముప్పై ఏళ్ల బండి పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కు అందుకోవడమూ, పదేళ్ల బండి ఇంజను ముక్కలుగా విప్పి షెడ్డులో పడి ఉండటమూ రెండూ చూస్తుంటాం. ఆ తేడా చాలావరకు యజమాని చేతిలో ఉంది.

ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో తెలియాలంటే లోపల జరిగే పని చూడాలి. రుడాల్ఫ్ డీజిల్ 1893లో పేటెంటు పొంది, 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపిన ఇంజనులో నిప్పురవ్వ కొట్టే ప్లగ్గు లేదు. మీ పికప్‌లోనూ లేదు. పిస్టన్ గాలిని ఇంజను రకాన్ని బట్టి దాదాపు పదహారో వంతు నుంచి ఇరవై రెండో వంతు జాగాలోకి నొక్కుతుంది. ఆ ఒత్తిడికే గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడు నాజిల్ డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్ముతుంది, అది తనంతట తానే అంటుకుంటుంది. అంటే ఈ ఇంజనుకు ప్రాణం కంప్రెషన్. పిస్టన్ రింగులు అరిగినా, వాల్వులు సరిగా కూర్చోకపోయినా గాలికి ఆ వేడి రాదు, డీజిల్ అంటుకోదు.

ఇంకో సంగతి ఉంది. పాత బండిలో డీజిల్‌ను నాజిల్ దాకా నెట్టే పంపు లోపల ప్లంజరుకూ, అది తిరుగాడే గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే ఉంటుంది. మనిషి వెంట్రుక మందం దానికి పాతిక రెట్లు పైనే. అంత సన్నని సందులో భాగాలు రాసుకోకుండా కాపాడేది వేరే గ్రీజు ఏదీ కాదు, ఆ డీజిలే. కాబట్టి డీజిల్‌లో నీళ్లున్నా, దుమ్మున్నా దెబ్బ నేరుగా ఇంజనులోని ఖరీదైన భాగానికే తగులుతుంది.

ఇక కొనడం. బండి చూడటానికి వెళ్లే ముందు అమ్మేవారికి ఒక మాట చెప్పండి: మేం వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయవద్దని. వెళ్లగానే బానెట్ ఎత్తి చెయ్యి దగ్గర పెట్టి చూడండి. వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి. వేడెక్కిన డీజిల్ ఇంజను తన జబ్బులను దాచుకుంటుంది. రాత్రంతా చల్లబడి ఉన్న ఇంజను మొదటి నిమిషంలో ఎలా అందుకుంటుందో, ఎలా పొగ వదులుతుందో చూస్తే సగం విషయం తెలిసిపోతుంది. చల్లటి ఇంజను కొంచెం తెల్లపొగ వదిలితే అది మండని డీజిల్, వేడెక్కాక ఆగిపోవాలి. ఆగకుండా, కళ్లు మండేలా వస్తూనే ఉంటే కంప్రెషన్ తగ్గిందనో, పంపు టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) తప్పిందనో, నాజిల్ కారుతోందనో అనుమానించాలి. అదే తెల్లపొగకు తియ్యటి వాసన ఉంటే కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం, సిలిండరులోకి దిగుతున్నట్టు. నీలిపొగ అంటే ఆయిలు మండుతోంది. నల్లపొగ అంటే డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదు. ఎయిర్ ఫిల్టరు మార్చగానే నల్లపొగ పోయిన బండ్లు ఎన్నో ఉన్నాయి, కాబట్టి నల్లపొగ కనబడగానే పంపు విప్పించే పని పెట్టుకోకండి.

ఇంజను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి, తిరగేసి ఆ రంధ్రం మీదే వదలండి. కాస్త అల్లాడితే ఫరవాలేదు, ప్రతి డీజిల్ ఇంజనులోనూ కొంత గాలి కిందికి జారుతుంది. మూత ఎగిరి పడి, రంధ్రంలోంచి పొగ ఉండలుగా వస్తుంటే రింగులో, బోరో (సిలిండరు లోపలి గోడ) అరిగిందన్నమాట. ఆ బండి కొనాలనే ఉంటే ఇంజను బోరు పనిని లెక్కలో వేసుకునే కొనండి.

అయితే నేను ఇంజను కన్నా ఎక్కువసేపు చూసేది ఛాసిస్‌ను. పికప్ అంటే నిచ్చెనలాంటి ఇనుప చట్రం. క్యాబిన్, ట్రాలీ, ఇరుసులు అన్నీ దాని మీదే నిలుస్తాయి. చిన్న సుత్తితో దాని పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్నచోట చప్పుడు మొద్దుబారుతుంది. వెనక కమాను పట్టీలు బిగించిన చోట్లు, క్యాబిన్ కింద రబ్బరు దిమ్మలు కూర్చునే చోట్లు, బ్రేకు పైపుల వెంబడి, ఈ మూడూ వదలకుండా చూడండి. కొత్తగా నల్లరంగు పూసి ఉంటే ఇంకొంచెం గట్టిగా తట్టండి. ఇంజను అరిగితే బాగుచేయవచ్చు. ఛాసిస్ కుళ్లిన బండిని నేనైతే కొనను, ఇంజను ఎంత బాగున్నా సరే.

సరే, కొన్నారు. అమ్మినవారు ‘మొన్ననే ఆయిలు మార్చాం’ అంటారు. వారి మాట నిజమే కావచ్చు, అయినా మార్చండి. ఇంజను ఆయిలు, గేర్ బాక్స్ ఆయిలు, డిఫరెన్షియల్ ఆయిలు, బ్రేకు ఆయిలు, కూలెంట్, మూడు ఫిల్టర్లు, బెల్టులు. అన్నీ మార్చి, ఒక పుస్తకం తీసి, ఆ రోజు మీటరు మీద ఉన్న కిలోమీటర్లు రాసి, ఏమేం మార్చారో దాని కింద రాయండి. అప్పటి నుంచి ఆ బండి చరిత్ర మీకు తెలుసు. కొత్త దీపాలు, పెద్ద టైర్లు, స్పీకర్లు వీటన్నింటికీ తరువాత తీరిక ఉంటుంది. తీసిన పాత ఆయిలును ఊరికే పారబోయకండి. తెల్లటి పళ్లెంలోకి కొంచెం వంచి వెలుతురులో చూడండి. మెరిసే నలుసులుంటే బేరింగులు అరుగుతున్నాయి, పాలు కలిసినట్టుంటే నీళ్లు చేరాయి. నల్లగా ఉందని మాత్రం కంగారుపడకండి. డీజిల్ మసిని తనలో పట్టి ఉంచుకోవడం ఆ ఆయిలు పని, కొత్తది పోసిన కొద్దిసేపటికే నల్లబడుతుంది. పాత డీజిల్ ఇంజన్లకు ఎక్కువగా 15డబ్ల్యూ-40 అనే చిక్కదనం ఉన్న ఆయిలు చెబుతారు. డబ్బా మీద డీజిల్ ఇంజన్లకు ఇచ్చే సీఐ-4, సీకే-4 లాంటి గుర్తు ఉందో లేదో చూసుకోండి, బండి పుస్తకం చెప్పిందే పోయండి. ఎంత పట్టేదీ అందులోనే ఉంటుంది. ఫోర్డ్ పికప్‌లలో వచ్చిన 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ ఇంజను ఒక్కసారికి దాదాపు 14 లీటర్లు తాగుతుంది.

ఆ ఇంజనుకు అంత ఆయిలు ఊరికే పట్టదు. దాని ఇంజెక్టర్లను, అంటే డీజిల్ చిమ్మే భాగాలను, నొక్కేది బాగా ఒత్తిడి పెంచిన ఇంజను ఆయిలే. ఆయిలు పలచబడినా, తగ్గినా ముందు స్టార్టింగు మొండికేస్తుంది. పెద్ద రిపేరు అనుకుని ఇంజెక్టర్లు మార్పించేవారు ముందు ఆయిలు పుల్ల తీసి చూస్తే చాలాసార్లు సరిపోతుంది. మీ ఇంజను ఏదైనా సరే, దాని కుటుంబ రోగాలేమిటో కొన్న వారంలోనే తెలుసుకోండి. డాడ్జ్ పికప్‌లలో 1989 నుంచి వచ్చిన కమిన్స్ 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను మహా మొండిది. పన్నెండు వాల్వులు, వాటిని సమయానికి తెరిచి మూసే టైమింగ్‌కు బెల్టు లేదు, గేర్లే. అలాంటి ఇంజనులోనూ ముందు గేర్ల పెట్టెలో ఒక చిన్న ఉక్కు పిన్ను ఉంది. అది ఏళ్ల తరబడి అదురుకు వదులై గేర్ల మధ్య పడితే పెట్టె పగులుతుంది. దానికి అడ్డంగా చిన్న రేకు బిగిస్తే ఆ బెడద తీరుతుంది. 1998 మధ్యలో ఆ ఇంజను ఇరవై నాలుగు వాల్వులకు మారినప్పుడు దానికి వీపీ44 అనే ఎలక్ట్రానిక్ పంపు వచ్చింది. ఆ పంపు తనలో ప్రవహించే డీజిల్‌తోనే చల్లబడుతుంది, దానితోనే జారుడు పొందుతుంది. ట్యాంకు నుంచి డీజిల్ తెచ్చే చిన్న పంపు నీరసపడితే ఈ పెద్ద పంపు ఎండిపోయి చచ్చిపోతుంది. ఆ బండి ఉన్నవారు డీజిల్ ఒత్తిడి చూపే మీటరు ఒకటి పెట్టించుకోవడం నా దృష్టిలో తప్పనిసరి.

బెల్టుతో నడిచే ఇంజన్లవారికి ఒక హెచ్చరిక. టయోటా హైలక్స్‌లో వచ్చిన 2ఎల్, మిత్సుబిషి ఎల్200లో వచ్చిన 4డీ56 ఇలాంటివి. టైమింగ్ బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులకు కొట్టుకుంటాయి. 4డీ56లో రెండు బెల్టులు; అదురు తగ్గించే షాఫ్టుల చిన్న బెల్టు తెగి పెద్ద బెల్టులో చిక్కుకుంటే అదీ పోతుంది. బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం మీద లేకపోతే మార్చలేదనే లెక్క. మార్చేటప్పుడు బిగువు రోలర్లు కూడా మార్చండి.

ఇప్పుడు డీజిల్ దగ్గరికి వద్దాం. ఎక్కువమంది ఇబ్బందిపడేది ఇక్కడే. రాత్రి ఆపిన బండి పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొడితే గానీ అందుకోదు, ఒకసారి అందుకున్నాక రోజంతా బాగుంటుంది. బ్యాటరీ మారుస్తారు, చల్లటి ఇంజను అందుకోవడానికి లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్గులు మారుస్తారు, అయినా అదే కథ. చాలా బండ్లలో కారణం గాలి. ట్యాంకుకూ పంపుకూ మధ్య పైపు డీజిల్‌ను పీల్చుకునే పైపు. అక్కడ ఎక్కడైనా సన్నని పగులుంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి వెళుతుంది. నేల మీద చుక్క కనబడదు కాబట్టి ఎవరూ అనుమానించరు. రాత్రంతా డీజిల్ మెల్లగా ట్యాంకులోకి వెనక్కి జారిపోతుంది. పంపుకు ముందు జానెడు పారదర్శకమైన డీజిల్ పైపు వేసి చూడండి, బుడగలు కళ్లకు కనబడతాయి. పాత రబ్బరు పైపులు, ఫిల్టరు రింగులు, చేతి పంపు, వరసగా ఇవే దొంగలు.

పాత రబ్బరుకు ఇంకో కష్టం వచ్చింది. డీజిల్‌లో గంధకం తగ్గించారు. అమెరికాలో 2006 నుంచి రోడ్డు బండ్ల డీజిల్‌ను పదిలక్షల్లో 500 భాగాల గంధకం నుంచి 15 భాగాలకు దించుతూ వచ్చారు, యూరప్‌లో 2009 నాటికి 10 భాగాలే. అందరి ఊపిరికీ అది మేలే, నేను పూర్తిగా సమర్థిస్తాను. కాకపోతే గంధకం తీసే పద్ధతిలో డీజిల్‌కు సహజంగా ఉండే జారుడు కూడా పోతుంది, ఆ లోటును మందులు కలిపి పూడుస్తారు. డీజిల్ స్వభావం మారినప్పుడు ఏళ్లుగా పాతదానికి అలవాటుపడిన రబ్బరు సీళ్లు కుంచించుకుపోయి కొన్ని పంపులు కారడం మొదలుపెట్టాయి. బయోడీజిల్ కలిసినదైతే పాత రబ్బరును మెత్తబరుస్తుంది, ట్యాంకులో పేరుకున్న మడ్డిని కరిగించి ఫిల్టరులోకి తెస్తుంది. కాబట్టి రబ్బరు భాగాలన్నీ ఇప్పటి డీజిల్‌ను తట్టుకునే రకంతో ఒక్కసారి మార్పించేసుకోండి. ఒక ఫిల్టరు ఎప్పుడూ బండిలో ఉంచుకోండి.

నీళ్ల సంగతి: ఫిల్టరు కింద చిన్న మర ఉంటుంది. అది విప్పి అడుగున చేరిన నీటిని గాజు సీసాలోకి వదలండి. ట్యాంకు ఖాళీగా ఉంచితే లోపలి గాలిలోని తేమ గోడల మీద చెమ్మగిల్లి కిందికి దిగుతుంది. డీజిల్ తేలికది, నీళ్లు అడుగున చేరతాయి, ఆ రెంటి హద్దులో సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడతాయి. బండి నెలల తరబడి ఆపేటప్పుడు ట్యాంకు నింపి ఆపమని అనేది అందుకే.

రేడియేటరులో కుళాయి నీళ్లు పోసేవారిని ఎక్కడ చూసినా నేను ఆపుతాను. ఉప్పు పొరలు కడుతుందన్నది ఒక కారణం. డీజిల్‌కు మాత్రమే ఉన్న పెద్ద కారణం ఇంకొకటి. ప్రతి మంటకూ సిలిండరు గోడ సన్నగా కంపిస్తుంది. ఆ కంపనానికి గోడను ఆనుకున్న నీటిలో చిన్న చిన్న బుడగలు పుట్టి, అక్కడే పగులుతాయి. పగిలిన ప్రతిసారీ ఇనుము మీద దెబ్బ పడుతుంది. ఏళ్ల తరబడి ఒకే చోట పడితే గోడ బయటి నుంచి లోపలికి సూదిమొనంత రంధ్రం పడుతుంది, కూలెంట్ సిలిండరులోకి దిగుతుంది. పైనుంచి చూస్తే ఏమీ కనబడదు. పెద్ద డీజిల్ ఇంజన్లకు కూలెంట్‌లో నైట్రైట్ లాంటి మందు కలపమనేది ఈ గోడ మీద రక్షణ పొర నిలవడానికి. మీ ఇంజనుకు ఏ కూలెంట్ చెప్పారో అదే వాడండి, రంగులు కలపకండి, శుద్ధజలంతోనే కలపండి. బండి వేడెక్కుతోందని, ఇంజను వేడిని బట్టి కూలెంట్‌కు దారి తెరిచే థర్మోస్టాట్‌ను పీకి పారేసే అలవాటు కొందరికి ఉంది. దయచేసి ఆ పని చేయించకండి. ఇంజను ఎప్పటికీ తన వేడికి చేరదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. వేడెక్కడానికి అసలు కారణం మాత్రం అలాగే మిగిలిపోతుంది.

బ్రేకుల గురించి ఒక ప్రత్యేకమైన విషయం చెప్పాలి. పెట్రోలు ఇంజను పీల్చే గాలికి తలుపు ఉంటుంది కాబట్టి అక్కడ శూన్యత పుడుతుంది, బ్రేకు తొక్కడానికి సాయపడేది అదే. పాత డీజిల్‌లో అలాంటి తలుపు సాధారణంగా ఉండదు. అందుకని విడిగా చిన్న వాక్యూమ్ పంపు పెడతారు, చాలా బండ్లలో అది ఆల్టర్నేటరు వెనక ఉంటుంది. ఒకరోజు బ్రేకు పెడలు రాయిలా గట్టిపడితే ముందు చూడవలసింది ఆ పంపును, దాని బెల్టును, పైపును. మరో మాట, ఖాళీ పికప్‌కు వెనక బరువు ఉండదు. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలు ముందుగా జారతాయి. బరువును బట్టి వెనక బ్రేకు ఒత్తిడిని సర్దే వాల్వు కొన్ని బండ్లలో ఇరుసు దగ్గర ఉంటుంది. అది తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉండటం మామూలు. చూపించండి.

పంపు తిప్పించి పవరు పెంచుకోవచ్చా అని ప్రతి సభలో అడుగుతారు. డీజిల్ ఎక్కువ పోస్తే పవరు వస్తుంది, నిజమే. గాలి అంతే ఉండి డీజిల్ పెరిగితే వేడి కూడా పెరుగుతుంది. పిస్టన్లు అల్యూమినియం మిశ్రమంతో చేస్తారు, అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది. బరువు లాగుతూ ఎత్తు ఎక్కేటప్పుడు పొగ వాయువుల వేడి దానిని దాటిపోగలదు. పొగ వేడి చూపే మీటరు లేకుండా పంపు మీద చెయ్యి వేయించకండి. ఆ మీటరు పెట్టించుకున్నవారిలో చాలామంది తరువాత పవరు పెంచుకోరు, ఉన్నదానితోనే ఎంత వేడి పుడుతుందో కళ్లారా చూస్తారు కాబట్టి. బరువు లాగి వచ్చాక టర్బో (పొగ వాయువుల తోపుకు తిరిగి ఇంజనులోకి గాలి నెట్టే చక్రం) చల్లబడటానికి రెండు మూడు నిమిషాలు ఊరికే నడవనిచ్చి ఆపండి.

ముందు వరసలో ఒకరు అడుగుతున్నారు, ఈ పనులు మేమే చేసుకోవచ్చా అని. తప్పకుండా చేసుకోండి. ఆయిలు, ఫిల్టర్లు, బెల్టులు, గ్రీజు, హీటర్ ప్లగ్గులను మీటరుతో పరీక్షించడం, ఇవన్నీ మీ చేతుల్లోనివే. టాపెట్ల సందు, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు, సరిచేయడం కూడా నేర్చుకోదగిందే; పన్నెండు వాల్వుల కమిన్స్‌కైతే ఇంజను చల్లగా ఉండగా గాలి వాల్వుకు 0.25, పొగ వాల్వుకు 0.50 మిల్లీమీటర్లు. పంపు, నాజిళ్లు మాత్రం పరీక్షించే బెంచీ ఉన్నవారికే ఇవ్వండి. ఒక విషయంలో జాగ్రత్త. ఇంజను నడుస్తుండగా నాజిల్ పైపు కారుతోందేమోనని చేత్తో తడమకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరుతుంది. చిన్న చుక్కలా కనబడుతుంది, నొప్పి కూడా మొదట తక్కువే, కానీ గంటలు గడిస్తే వేలు తీసేయవలసి రావచ్చు. అలా జరిగితే ఆ నిమిషమే ఆసుపత్రికి వెళ్లి, డీజిల్ లోపలికి దూరిందని చెప్పండి. కారేది చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. డీజిల్ పైపుల్లో చేరిన గాలి తీయడానికి నాజిల్ నట్టు వదులు చేసే పద్ధతి పాత మెకానికల్ పంపులకే. నాజిళ్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే కామన్ రైల్ ఇంజనులో ఒత్తిడి వెయ్యి బార్‌లు దాటుతుంది, అక్కడ ఆ పని అసలు చేయకూడదు.

వెనకనుంచి ఇంకొకరు అడిగారు, తాళం తీసినా ఇంజను ఆగకుండా వేగం పెరుగుతూ పోతే ఏం చేయాలని. మంచి ప్రశ్న, ఇది ముందే తెలిసి ఉండాలి. టర్బో సీలు పోయి ఆయిలు గాలి దారిలోకి వెళితే, లేదా ఆయిలు మరీ ఎక్కువ పోస్తే, ఇంజను ఆ ఆయిలునే మండించుకుంటూ పరుగెడుతుంది. డీజిల్ ఆపినా లాభం లేదు. చేతి గేర్ల బండి అయితే బ్రేకు పూర్తిగా తొక్కి పట్టి, పై గేరు వేసి, క్లచ్ వదిలేయండి, ఇంజను బిగుసుకుని ఆగుతుంది. ఆటోమేటిక్ అయితే గాలి దారి మూయాలి, గట్టి చెక్కపలకతో. చెయ్యి పెట్టకండి, గుడ్డ కుక్కకండి, లాగేసుకుంటుంది. రెండూ వీలుకాకపోతే మనుషులను దూరం జరపండి, బండి పోతే పోనివ్వండి.

ఆ పక్క బల్ల మీద విప్పిన పంపు ప్లంజరు, కోసిన ఫిల్టరు, బయటి వైపు గుంటలు పడిన లైనరు (సిలిండరు గోడగా ఉండే గొట్టం) ఒకటి పెట్టాను. వచ్చి చేత్తో తాకి చూడండి. ప్లంజరును మాత్రం శుభ్రమైన చేతులతోనే పట్టుకోండి.